దలేర్ వేసిన గచ్చు

హోజర్ ఎవరింటికి పనికి వెళ్ళినా ముందు చెప్పులు విడుస్తుంది, తర్వాత మేజోళ్ళు విడుస్తుంది, ఆ తర్వాతే నోరు విప్పుతుంది. ఉత్తకాళ్ళతో గది నాలుగు మూలలా తిరిగి, మడమతో నేలని తట్టి తట్టి వింటుంది. అప్పటిదాకా ఇంటివాళ్ళు ఏం చెప్పినా చెవిన పెట్టదు. ఇస్తరవ్‌షాన్‌లో మంచు కురిసే రోజైనా సరే, ఆవిడ పద్ధతి అదే. చూసేవాళ్ళకి నవ్వొస్తుంది గానీ నవ్వే ధైర్యం మా పేటలో ఎవరికీ లేదు. ఆవిడ నోరు అలాంటిది.

సోవియట్ కాలంలో ఆడవాళ్ళ బ్రిగేడులో టైళ్ళ పని నేర్చుకున్న మనిషి. ఊరి పాత స్నానశాల, ప్రసూతి ఆసుపత్రి, రెండు బడుల వంటగదులు, వీటి నేలలన్నీ ఆవిడ మోకాళ్ళ మీద పాకి వేసినవే. చిన్న వయసులోనే పెళ్ళయింది. పిల్లలు పుట్టలేదని మొగుడింటివాళ్ళు తిప్పి పంపేశారు. తిరిగొచ్చిన మర్నాడే తాపీ సంచీ భుజాన వేసుకుని పనికి పోయింది. ఏడ్చిందో లేదో చూసినవాళ్ళు లేరు.

ఇప్పుడు అరవై దాటాయి. గౌను కింద లాగు, మోకాళ్ళకి గుడ్డతో కట్టుకున్న ఉన్నిముక్కలు, వేళ్ళ సందుల్లో ఎంత కడిగినా పోని తెల్ల సిమెంటు. ఆడవాళ్ళు స్నానం చేసే గదికి మగ మేస్త్రిని రానివ్వడానికి మొహమాటపడే ఇళ్ళన్నీ ఆవిణ్ణే పిలుస్తాయి. పెళ్ళికూతురి స్నానానికైనా, పురిటి స్నానానికైనా ముందు ఆ గది బాగుచేసేది హోజరే. చుట్టాలు వచ్చే వేళకి సంచీ సర్దుకుని వెళ్ళిపోయేదీ హోజరే. బిడ్డలు కలగని ఆడది చిల్లా స్నానం దగ్గర, అంటే పుట్టిన బిడ్డకి నలభయ్యో రోజున చేయించే స్నానం దగ్గర, ఉండకూడదని మావాళ్ళ పట్టింపు. ఆ మాట ఎవరూ మొహాన అనరు. సాయంత్రం మూత పెట్టిన పళ్ళెంలో పలావు మాత్రం పంపిస్తారు. ఆవిడ ఆ పళ్ళెం కడిగి, ఒక్క మాటా అనకుండా తిరిగి పంపిస్తుంది.

ఒక్క గర్వం ఉంది ఆవిడకి. పని అయ్యాక ఇంటివాళ్ళ చేత బకెట్టు నీళ్ళు కుమ్మరింపజేస్తుంది. ఆఖరి చుక్క తూములోకి పోయేదాకా టీ ముట్టదు. ఎక్కడైనా చెంచాడు నీళ్ళు నిలిచాయా, ఆ భాగం పీకి మళ్ళీ వేస్తుంది. "నేను వేసిన గచ్చు మీద నీళ్ళు నిలబడి కబుర్లు చెప్పవు," అనేది.

ఆ రోజు బీబీసోరా కబురు పెట్టింది. హోజర్ కంటే రెండు మూడేళ్ళు పెద్దది, చిన్నప్పుడు ఒకే వీధిలో ఆడుకున్నవాళ్ళు. ఆ ఇంట్లో కోడలు నిగినా ప్రసవించింది. చిల్లా తీరడానికి ఇంకా రెండు వారాలుంది. బిడ్డ పేరు యోద్గోర్. తండ్రి పోయాక పుట్టిన మగబిడ్డకి మావాళ్ళు పెట్టే పేరది, పోయినవాడి గుర్తు అని. పోయినవాడు దలేర్, బీబీసోరాకి ఒక్కగానొక్క కొడుకు. రష్యాలో ఎకతెరిన్‌బుర్గ్‌లో టైళ్ళ మేస్త్రిగా పని చేసేవాడు. శీతాకాలం చివర్లో తిరిగి వస్తుంటే, కజాఖ్ మైదానంలో మంచు మీద వాన్ బోల్తా పడింది.

"ఒక్కటే టైలు పగిలింది హోజర్. కోడలు పిల్ల మడమ కోసుకుంది. ఇదిగో, వాడు మిగిల్చిన టైలు ఒకటుంది. అది పెట్టేసి పో," అంది బీబీసోరా. ఆ టైలుని మంచం కిందనుంచి తీసి, కొంగుతో తుడిచి మరీ ఇచ్చింది.

నీలం టైలు. అంచున సన్నటి తెల్ల చార. దలేర్ పోయినేడాది శరదృతువులో ఇంటికి వచ్చినప్పుడు, అక్కడ ఏదో ఇంట్లో మిగిలిన టైళ్ళని బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. పెళ్ళాం కడుపుతో ఉందని తెలిసి, గుమ్మం పక్కనున్న మూలని గోడ కట్టి వేరుచేసి, షవరు బిగించి, నేలంతా తన చేత్తో ఆ టైళ్ళు పరిచాడు. "నా బిడ్డకి చిల్లా స్నానం ఇక్కడే," అన్నాడట. ఆ మాట బీబీసోరా వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. ఇప్పుడు ఆ ఇంట్లో దలేర్ చేత్తో చేసింది అంటూ మిగిలింది ఆ నేల ఒక్కటే.

హోజర్ చెప్పులు విడిచింది, మేజోళ్ళు విడిచింది. గుమ్మంలో నిలబడి ముందు చూపుతోనే కొలిచింది. సందులన్నీ దారం పట్టి గీసినట్టున్నాయి. "చేతిలో పనితనం ఉంది వాడికి," అంది పైకే. ఆవిడ నోట ఇంకొకరి పని గురించి అంతకంటే మెచ్చుకోలు ఎవరూ విని ఉండరు. బీబీసోరా మొహం విప్పారింది.

తర్వాత అడుగు లోపల పెట్టింది. గోడ పక్కన మడమ తడితే గట్టిగా పలికింది. రెండో అడుగుకి చప్పుడు మారింది. పగిలిన టైలు దగ్గరికి వచ్చేసరికి, ఖాళీ డబ్బా మూత మీద నిలబడ్డట్టు అనిపించి ఆవిడ కాలు వెనక్కి తీసేసుకుంది.

"ఒక చెంబు నీళ్ళు ఇవ్వమ్మా నిగినా," అంది.

గుమ్మంలోనే కూర్చుని, చెయ్యి చాచి పగులు మీద నీళ్ళు పోసింది. నీళ్ళు నేల మీద పారలేదు. పగుల్లోకి దిగి మాయమయ్యాయి. హోజర్ వేలెత్తి అందర్నీ నోరు మూసుకోమంది. చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత ఎక్కడో లోపల, బాగా కింద, నీళ్ళు నీళ్ళలో పడ్డ చప్పుడు వినిపించింది.

"అక్కా, మీ ఓబ్రెజ్ ఎక్కడుండేది?"

పాత ఇళ్ళలో గుమ్మం పక్కన మూలగా ఒక గుంత ఉంటుంది. చేతులు కడిగినా, బిడ్డని కడిగినా, పీనుగుని కడిగినా ఆ నీళ్ళు అందులోకే పోతాయి. భూమే తాగేస్తుంది. దాన్నే ఓబ్రెజ్ అంటారు. మా ఊరి మట్టి పసుప్పచ్చ మట్టి. పొడిగా ఉంటే ఇనుము, తడిస్తే పిండి. చెంబు నీళ్ళు ఇంకడానికి తవ్విన గుంత అది. దాంట్లోకి ఇప్పుడు రోజూ షవరు నీళ్ళు పోతున్నాయి.

"ఉండేదిలే ఎక్కడో. అప్పుడే పూడ్చేశాం," అంది బీబీసోరా.

"ఎవరు పూడ్చారు? దేంతో?"

"మట్టితో పూడుస్తారు, మరి దేంతో పూడుస్తారు? పలావుతోనా? టైలు మార్చమని పిలిస్తే పోలీసులా ఆరాలేంటే నీకు."

"పూడ్చిన గుంతలోంచి చప్పుడు రాదక్కా. ఇది మొత్తం తీసి చూడాలి. అప్పటిదాకా దీని మీద ఎవరూ నిలబడకూడదు."

బీబీసోరా మొహం నల్లబడింది. "మొత్తం తీస్తావా? నా కొడుకు వేసింది పీకుతావా? వాడు రష్యాలో ఎనిమిది అంతస్తుల ఇళ్ళలో వేశాడు, ఎవడూ వేలెత్తి చూపలేదు. వాడు మట్టిలో కలిసి ఏడాది తిరక్కుండానే వాడి పనికి వంక పెడతావా? నీకేం తెలుసే కొడుకంటే."

ఆ ఆఖరి మాట హోజర్ విననట్టే మేజోళ్ళు తొడుక్కుంది. ఒళ్ళు మండిపోతోంది. "అక్కడ ఎనిమిది అంతస్తుల్లో టైలు కింద కాంక్రీటుంటుంది. ఇక్కడ టైలు కింద ఏముందో నీకు తెలుసు, చెప్పవు. పగిలిన టైలు ఒక్కటీ మార్చి పోతే నేనూ హంతకురాలినే. నా వల్ల కాదు," అని సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. గుమ్మం దాటాక మాత్రం వెనక్కి తిరిగి నిగినాతో మెల్లిగా అంది, "బిడ్డని తీసుకుని ఆ గదిలోకి పోకు తల్లీ. ఒట్టు పెట్టుకో." ఆ పిల్ల తలూపింది. అత్త ముందు నోరెత్తే పిల్ల కాదు. మా కోడళ్ళు మొదటి ఏళ్ళలో అత్తతో గుసగుసగానే మాట్లాడతారు. నిగినా నోట ఆ గుసగుస కూడా అరుదు.

హోజర్ ఇంటికి పోయి నాన్ ముక్క చాయ్‌లో ముంచుకుంది, తినలేకపోయింది. నిద్రా పట్టలేదు. మంచి పని చేశానని తనకి తాను చెప్పుకున్నా, చెవిలో ఆ చప్పుడే. 'కోపమొచ్చి వచ్చేశాను. నా కోపం ఆ నేలని నిలబెడుతుందా?' అని తనని తనే తిట్టుకుంది.

తెల్లారగానే మళ్ళీ బయల్దేరింది. వీధి మలుపు తిరిగేసరికే బిడ్డ కేర్‌మన్న ఏడుపు, నీళ్ళ చప్పుడు వినిపించాయి.  తలుపు తోసుకుని లోపలికి పోయింది.

బీబీసోరా సరిగ్గా ఆ నేల నడిమధ్యన, పొట్టి పీట మీద కూర్చుని ఉంది. ముందు రేకు తొట్టి, తొట్టి నిండా నీళ్ళు. బిడ్డ ఆవిడ చేతుల్లో ఉన్నాడు, ఒళ్ళంతా సబ్బు. పగిలిన టైలు మీద తనే సిమెంటు ముద్ద చరిచి పూసింది. నిగినా గుమ్మంలో తువ్వాలు పట్టుకుని, మొహంలో నెత్తురు లేకుండా నిలబడి ఉంది.

"రా రా, చూడు," అంది బీబీసోరా తలెత్తకుండానే. "నిన్నంతా నా కొడుకు గచ్చు కూలిపోతుందని ఊదరగొట్టావు గదా. ఎక్కడ కూలింది?"

హోజర్ చూపు ఆవిడ మొహం మీద లేదు. గోడ వార మీద ఉంది. నిన్న నేల గోడకి అతుక్కుని ఉన్నచోట ఇప్పుడు గోరు దూరేంత నల్లటి సందు కనిపిస్తోంది. ఆవిడ చూస్తుండగానే, రెండు టైళ్ళ మధ్యనున్న తెల్ల సిమెంటు సన్నగా చిట్లి, ఉప్పురవ్వలా రాలింది. తొట్టిలో నీళ్ళు ఒక పక్కకి ఒరిగి ఉన్నాయి. నేల అప్పటికే వంగింది.

అరిస్తే ఆవిడ ఉలిక్కిపడి లేస్తుంది. లేస్తే బరువంతా రెండు పాదాల మీదకి వస్తుంది. హోజర్ గొంతులోకి వచ్చిన కేకని మింగేసింది.

"అక్కా," అంది, మామూలుగా పలకరించినట్టు. "కదలకు. అలాగే కూర్చో. తప్పు నాదేలే, నిన్న నోరు పారేసుకున్నాను. బిడ్డకి చలేస్తోంది, ఇలా ఇచ్చెయ్యి."

బీబీసోరా అప్పుడు తలెత్తింది. "చిల్లా తీరని బిడ్డని నీ చేతికా?"

 మా పేటలో నలభై ఏళ్ళుగా ఎవరూ మొహాన అనని మాట. హోజర్ మొహం ఒక్క క్షణం రాయిలా అయిపోయింది. ఆ తర్వాత, ఏమీ జరగనట్టే, "నా చేతికొద్దు. తల్లి చేతికియ్యి," అంది.

నిగినా ముందుకి అడుగేసింది. హోజర్ చెయ్యి అడ్డం పెట్టి ఆపేసింది. "నిలబడి వద్దమ్మా. గుమ్మం మీద బోర్లా పడుకో. చేతులు మాత్రం చాచు." ఇంకో చేత్తో అరుగు మీదున్న పొడుగాటి చెక్క, రొట్టెలపిండి పిసికే చెక్క, దాన్ని లాగి మెల్లిగా నేల మీదకి తోస్తోంది, గుమ్మం నుంచి పీటదాకా.

చెక్క చూసేసరికి బీబీసోరాకి ఒళ్ళు తెలియలేదు. "ఏంటిదంతా? నా ఇంట్లో నాటకాలా? నేను లేవను. వాడు నాకోసం వేశాడు, వాడి బిడ్డ కోసం వేశాడు. కూలితే నా మీదే కూలనీ." బిడ్డని గుండెకి అదుముకుంది. బిడ్డ గుక్కపెట్టాడు. కింద ఎక్కడో మట్టి పెళ్ళ ఊడి నీళ్ళలో పడింది. ముగ్గురు ఆడవాళ్ళూ ఆ చప్పుడు విన్నారు. బీబీసోరా కూడా విన్నది, కానీ పెదాలు బిగించి కూర్చుంది.

అప్పుడు గుమ్మం మీద బోర్లా పడుకున్న నిగినా నోరు విప్పింది. గుసగుస కాదు, నిండు గొంతు. ఆ ఇంట్లో ఆ గొంతు అదే మొదటిసారి.

"అత్తయ్యా, ఆ గుంత పూడ్చలేదు. చెక్కలు పరిచి పైన సిమెంటు పోశారు. ఆయన నాతో చెప్పాడు."

"నోర్ముయ్."

"ఆయన పూడుస్తానంటే మీరు వద్దన్నారు. మామయ్యగారి కడసారి స్నానం నీళ్ళు అందులోకే పోయాయి, చెత్తా చెదారం పోసి కప్పొద్దన్నారు. మీ మాట కాదనలేక చెక్కలు వేశాడు. 'ఈసారి వచ్చినప్పుడు అమ్మని ఒప్పించి బాగుచేస్తాను, ఏడాది ఆగుతాయిలే' అన్నాడు." నిగినా చేతులు ఇంకా చాచే ఉంచింది. "ఆయన రాలేదు అత్తయ్యా. ఇంక రాడు. నా బిడ్డని నాకియ్యండి."

 బీబీసోరా కళ్ళలో మొట్టమొదటిసారి భయం కనిపించింది. చేతులు ముందుకి చాచింది. సబ్బుతో జారుతున్న బిడ్డని నిగినా మోచేతులతో ఒడిసిపట్టి, గుమ్మంలోకి లాక్కుంది.

"ఇప్పుడు నువ్వు," అంది హోజర్. "లేవకు. పీట మీంచి పక్కకి జరిగి చెక్క మీదకి ఒరుగు. పాకి రా. చిన్నప్పుడు మల్బరీపళ్ళ దొంగతనానికి గోడ కింద కన్నంలోంచి పాకావు గదా, అలా."

"ఈ వేళలో కూడా నీ నోరు…" అంది బీబీసోరా, కానీ ఒరిగింది. ఒక చెయ్యి చెక్క మీద వేసింది, రెండో చెయ్యి హోజర్ అందుకుంది. సరిగ్గా అప్పుడే తొట్టి జారింది. కర్ర విరిగినట్టు మెత్తగా, తడిగా ఒక చప్పుడు. పీట, తొట్టి, నీళ్ళు, అయిదారు టైళ్ళు ఒక్కసారిగా కిందకి పోయాయి. బీబీసోరా ఎడమకాలు తొడదాకా కన్నంలో దిగబడింది. హోజర్ గుమ్మానికి రెండు పాదాలూ తన్నిపెట్టి, ఆవిడ చంకల్లో చేతులు వేసి, ఉన్న బలమంతా పెట్టి వెనక్కి పడింది. ఇద్దరూ కలిసి నడవలో వచ్చిపడ్డారు.

 బీబీసోరా కాలు మోకాలి నుంచి మడమదాకా గీరుకుపోయి నెత్తురు కారుతోంది. ఆవిడ అది చూసుకోలేదు. ఆ నల్లటి కన్నం వైపే చూస్తూ, "నేను చంపేసేదాన్ని," అంది. "వాడి బిడ్డని నా చేత్తో చంపేసేదాన్ని."  హోజర్ ఆవిడ కాలిని పట్టుకుని, గుడ్డ చుట్టి గట్టిగా కట్టింది.

మధ్యాహ్నం మంచం మీద పడుకుని బీబీసోరా హోజర్‌ని పిలిచింది. 

"చిల్లాకి వాడితో రష్యా వెళ్ళినవాళ్ళంతా వస్తారు. సగం మంది టైళ్ళ మేస్త్రులే. ఆడవాళ్ళు చెప్పుకుంటారు, మగవాళ్ళు నవ్వుకుంటారు. దలేర్ కుళ్ళు చెక్కల మీద గచ్చు వేశాడంటారు. నా మాట విన్నందుకు వాడికి ఆ పేరు మిగులుతుంది." మొహం గోడవైపు తిప్పుకుంది. "ఆ టైళ్ళే మళ్ళీ వెయ్యగలవా? వాడు వేసినట్టే?"

హోజర్‌కి పాత టైళ్ళంటే అసహ్యం. పీకిన టైలు మళ్ళీ వెయ్యమన్నవాళ్ళని 'నేను అతుకుల బొంతలు కుట్టేదాన్ని కాదు' అని తరిమేసిన సందర్భాలు ఎన్నో. పైగా ఇవి రష్యా జిగురుతో అతికించినవి, తీయబోతే ముక్కలవుతాయి. బజారంతా గాలించినా ఆ నీలం దొరకదు.

"వెయ్యగలనో లేదో తీస్తే గదా తెలిసేది," అంది. "కానీ గుంత పూడుస్తాను. తూము నీళ్ళు గొట్టం వేసి తోట చివరికి పంపిస్తాను. దానికి అడ్డం వస్తే ఈసారి నీ రెండో కాలు నేనే విరగ్గొడతాను."

"దేంతో పూడుస్తావు?"

"ఏటి రాళ్ళతో. కడిగి వేస్తాను."

బీబీసోరా కళ్ళు మూసుకుంది. "కడిగి వెయ్యి," అంది.

పొరుగు మగవాళ్ళు తోట చివరిదాకా కాలువ తవ్విపెట్టారు, షవరు గొట్టం పూడిపోయిందని చెబితే నమ్మారు. గదిలోకి మాత్రం హోజర్ ఎవర్నీ రానివ్వలేదు. అడ్డంగా చెక్కలు వేసుకుని, వాటి మీద బోర్లా పడుకుని పని మొదలుపెట్టింది. విరిగిన రంపం ముక్కతో సందుల్లోని తెల్ల సిమెంటుని గీకింది. పగిలిన చోటునుంచి సన్నటి రేకుని టైలు కిందకి దూర్చి, సుత్తి పిడితో ఒక్కో దెబ్బ వేసి ఆగింది. ఎక్కువ కొడితే పగులుతుంది, తక్కువ కొడితే రాదు. మొదటి టైలు మూల విరిగింది. ఆవిడ నోరారా తనని తనే తిట్టుకుంది, లోపలి గదిలో బిడ్డకి పాలిస్తున్న నిగినాకి వినబడేంత గట్టిగా. రెండోది నిండుగా వచ్చింది. నీళ్ళు దిగిన చోట జిగురు మెత్తబడి ఉంది. దలేర్ గచ్చుకి చేటు చేసిన నీళ్ళే ఇప్పుడు దాని టైళ్ళని విడిపిస్తున్నాయి.

ఒక్కో టైలు వెనక్కి తిప్పి చూసింది. ప్రతిదాని వీపు మీదా జిగురు దువ్వెనతో దువ్విన గీతలు, ఒకే వైపుకి, ఒకే లోతుతో. ఎవరూ చూడని చోట కూడా వాడు తొందరపడలేదు. తల్లి మాట తీసెయ్యలేక, నేలని మోసం చెయ్యలేక, ఎంత మథనపడి ఉంటాడో అనుకుంది. "ఏరా, నాకొక్క మాట చెబితే పోయేది గదా," అంది ఆ టైలుతో. "మీ అమ్మని నేను తిట్టి ఒప్పించేదాన్ని."

కింద పడ్డ టైళ్ళు ఏరడానికి గుంతలోకి దిగితే లోతు నడుం పైదాకా వచ్చింది. పక్కలకి ఇంకా పెద్దది. నీళ్ళు మట్టిని తినేసి గోడ పునాదిదాకా పోయాయి. కొన్ని వారాలు ఆగితే గోడ కూడా వచ్చేది. కడిగిన ఏటి రాళ్ళు, వాటి మీద కంకర, కంకర మీద ఇసుక, ప్రతి పొరనీ దిమ్మిసతో కొట్టి గట్టిచేసింది. ఇనుప వల పరిచి కాంక్రీటు పోసింది. గట్టిపడేదాకా గుమ్మానికి అడ్డంగా తాడు కట్టి, బీబీసోరా చేత కూడా ఒట్టు వేయించింది. ఆ రోజుల్లో టైళ్ళని పెరట్లో నీళ్ళలో నానబెట్టి, పాత జిగురుని రాయితో అరగదీసింది. నిగినా వచ్చి పక్కన కూర్చుని తనూ ఒక రాయి తీసుకుంది.  ఒకసారి నిగినా, "ఆరోజు నేను అలా అరవకూడదు కదా పిన్నీ," అంది. "అరవకపోయి ఉంటే ఈపాటికి ఇద్దరం నల్లబట్టలు ఉతుక్కుంటూ ఉండేవాళ్ళం. గట్టిగా రుద్దు," అంది హోజర్.

తారు కాగితం పరిచి, రసమట్టం పెట్టి, తూము వైపు వాలు చూసుకుని, హోజర్ ఆ టైళ్ళని ఒక్కొక్కటే తిరిగి వేసింది. తన పద్ధతిలో కాదు. తన సందులు సన్నగా ఉంటాయి, దలేర్ సందులు కొంచెం వెడల్పు. ఆవిడ వాడి వెడల్పే ఉంచింది. విరిగిన ముక్కల్ని అతికి, బకెట్టు పెట్టే మూలకి జరిపింది. మంచం కింద దాచిన టైలుని నడిమధ్యన పెట్టింది.

చిల్లా రోజు పొద్దున ఆడవాళ్ళు రాకముందే బకెట్టు నీళ్ళు కుమ్మరించి చూసుకుంది. సంచీ సర్దుకుని చెప్పులు తొడుక్కుంటూ ఉండగానే ముగ్గురు నలుగురు చుట్టాలు గుమ్మంలోకి వచ్చేశారు. వాళ్ళలో పెద్దావిడ, అన్ని ఇళ్ళలో ప్రార్థనలు చదివే ముసలమ్మ, షవరు గదిలోకి తొంగి చూసి కళ్ళు చిట్లించింది.

"ఏంటే హోజర్, సందులన్నీ కొత్తగా తెల్లగా మెరుస్తున్నాయి. మొత్తం నువ్వే వేశావా?"

కర్ర పట్టుకుని వస్తున్న బీబీసోరా నడవలోనే ఆగిపోయింది. హోజర్ తను చేసిన పనిని తనది కాదని ఒక్కసారి కూడా అన్న మనిషి కాదు. అనాల్సి వస్తే చచ్చిపోతుందని పేటంతా అనుకునేది.

"ఒక్క టైలు మార్చాను," అంది హోజర్. "ఆ నడిమిది. మిగతాదంతా మీ దలేర్ పనే. ఊళ్ళో ఇంకొకడు ఇలా వేస్తే చూపించండి." సంచీ భుజానికెత్తుకుని తలుపు వైపు నడిచింది.

"ఎక్కడికే?" అంది బీబీసోరా.

"పనుంది."

"పనీ లేదు, పాడూ లేదు. సంచీ దింపు." బీబీసోరా కుంటుకుంటూ వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని, షవరు గదిలోకి లాక్కుపోయింది. లోపల నిగినా బిడ్డని చేతుల మీద పడుకోబెట్టుకుని నిలబడి ఉంది. రాగి గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళు, వెండి చెంచా. ఆ ఇంట్లో చిల్లా రోజు బిడ్డ నెత్తిన పోసే నలభై చెంచాల నీళ్ళలో మొదటి చెంచా తండ్రి పోస్తాడు. తండ్రి లేకపోతే అతని స్థానంలో నిలబడగలిగినవాళ్ళు పోస్తారు. దానికోసం దలేర్ మేనమామ భార్య అప్పటికే చేతులు కడుక్కుని సిద్ధంగా ఉంది.

బీబీసోరా చెంచా తీసి హోజర్ చేతిలో పెట్టింది.

"ఆవిడా?" అంది మేనమామ భార్య, గొంతు తగ్గించి. "చిల్లా బిడ్డకి… ఆవిడ చెయ్యా?"

"అవును, ఆవిడ చెయ్యే," అంది బీబీసోరా అందరికీ వినబడేలా. "ఈ నేలని ఎవరు నిలబెట్టారో వాళ్ళే పోస్తారు. పొయ్యి హోజర్. వాడి చెంచా పొయ్యి."

హోజర్ ఉత్తకాళ్ళతోనే ఉంది. ఎప్పుడు విడిచిందో చెప్పులు. వేళ్ళ సందుల్లో సిమెంటు తెల్లగా కనిపిస్తోంది, దాన్ని దాచుకోవాలని చూసింది, చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియలేదు.  చెంచాతో నీళ్ళు తీసి యోద్గోర్ నెత్తిన పోసింది. వాడు ఉలిక్కిపడి ఒళ్ళు విరుచుకుని ఏడుపు లంకించుకున్నాడు, ఆడవాళ్ళంతా నవ్వారు. నీళ్ళు వాడి వీపు మీంచి జారి నీలం టైళ్ళ మీద పడ్డాయి. హోజర్ అలవాటుకొద్దీ వాటి వెంటే చూసింది. ఎక్కడా ఆగకుండా, తూములోకి పోయాయి.